మగ్గం దిగని గుడ్డ

ఏడు గజాల గుడ్డను లక్ష్మీనర్సయ్య అయిదు నెలలు నేసిండు. చండూరు దిక్కు ఏ సాలాయనకు చెప్పినా కడుపు పట్టుకొని నవ్వుతడు. గసొంటి ముతకగుడ్డ మూడు దినాల పని, నాలుగోనాటికి మగ్గం దిగాలె. అట్లని లక్ష్మీనర్సయ్య పని రానోడా అంటే కాదు. నూనె రుమాళ్ల మీద ఏనుగులను, ఇమానాలను, గడియారాలను పోగు తప్పకుంట దించిన మనిషి. పడమటిపల్లి సాలోళ్ల వాడకట్టుల ఆయన మగ్గం సప్పుడు విని పక్కింటోళ్లు పొద్దెంతయ్యిందో చెప్పేటోళ్లు. గంత నెమ్మదిగ, గంత వరుసగ ఆడేది ఆ చెయ్యి. మరి ఆ ఒక్క గుడ్డ ఎందుకు దిగలేదో తెలవాలంటే పెద్దసామి ముచ్చట కాడికెల్లి మొదలువెట్టాలె.

పెద్దసామి అసలు పేరు పలుకవోతే ఊర్లె ఒక్కనికి నోరు తిరగలే. ఇటలీ దేశపాయన. మీసాలు సరిగ రాకముందే ఓడెక్కి వచ్చిండు, మళ్ల తల్లి మొఖం సూడలేదు. నల్లగొండ, పాలమూరు దిక్కు ఎండల తిరిగి తిరిగి మన ఎర్రమట్టి రంగుకే వచ్చిండు. కిరస్తానపోళ్లు ఆయనను బిషపును చేసిన్రు. పెద్ద ఉంగరం, ఎత్తు టోపి, పట్నంల బంగ్లా, అన్ని ఇచ్చిన్రు. టోపి పండుగకు పెట్టుకునేటోడు, బంగ్లాల తప్పనిసరైతే పండుకునేటోడు. మిగిలిన కాలమంత ఓ పాత సైకిలు, మోకాళ్ల దాక దుమ్ము. దేవరకొండ తొవ్వల ఎర్రగుట్ట కింద, కుష్ఠురోగమని ఊర్లు ఎల్లగొట్టినోళ్ల కోసం కాలనీ కట్టించిండు. అక్కడ బాయి తవ్వుతుంటే తనే తట్ట మోసిండు. ఎవలన్న 'నీ బాంచెన్' అని వంగితే మాత్రం మొఖం ఎర్రగ చేసుకొని, మనిషికి మనిషి బాంచె ఏందిర అని గదమాయించేటోడు. ఆయన కోపానికొచ్చేది గా ఒక్కదానికే.

పందొమ్మిది వందల యాభై ఒకటిల లక్ష్మీనర్సయ్య పెండ్లాం ఆండాళుకు మోచెయ్యి కాడ రూపాయి బిళ్లంత మచ్చ లేసింది. సూదితోని గుచ్చినా తెలుస్తలేదు. ఏ రోగమో లక్ష్మీనర్సయ్యకు సమజయ్యింది. కులపెద్దలకు తెలిస్తే ఆమెను ఊరవతల పడేస్తరు, ఆ ఇంటి గుడ్డ ఎవలూ ముట్టరు. అందుకని తల్లిగారింటికి పోయిందని అందరికి చెప్పి ఆమెను లోపలి అర్రల దాచిపెట్టిండు. రెండేండ్లు అట్లనే గడిచినయి. ఆమె చీకట్ల కుసోని రాట్నం తిప్పేది, ఈయన బయట మగ్గం ఆడించేటోడు.

ఓనాడు మిట్టపగటాల పెద్దసామి సైకిలు గడప ముందు ఆగింది. దూప అయితాంది, నీళ్లు పొయ్యుమన్నడు. కాళ్లు దింపుకొని కుసున్న మగ్గం గుంటల కెల్లి లక్ష్మీనర్సయ్య లేవబోయిండు. పెద్దసామి చెయ్యెత్తి ఆపి, మొగోడు మగ్గం మీద ఉంటే లోపల రాట్నం తిప్పుతున్నది ఎవలని అడిగిండు. లక్ష్మీనర్సయ్య అర్ర తలుపు దిక్కు సూసిండు. లోపలామెనే నీళ్లు తెమ్మను అన్నడు పెద్దసామి. ఆండాళు కొంగు చేతుల మీద కప్పుకొని వచ్చింది. ఆమె చేతి చెంబు అందుకొని, పెదవులు ఆనించి, గటగట తాగిండు. తాగి ఇంకో చెంబు అడిగిండు. రెండేండ్ల సంది ఆ చేతి కెల్లి మొగడు తప్ప ఎవలూ నీళ్లు తాగలే. ఆండాళు గోడకు ఆనుకొని ఏడ్సింది.

పెద్దసామి ఆమెను ఎర్రగుట్ట కాలనీకి తోలుకపోయి, నాలుగేండ్లు ఉంచుకొని, తెల్లగోళీలు మింగించి, మంచిగ చేసి పంపిండు. ఎడమచేతి రెండు వేళ్లు వంగిపోయినయి, గంతే. పంపుడే కాదు, తనూ ఎంబడి వచ్చి, సాలోళ్ల వాడకట్టు నడుమ పడుగు సాపిన జాగల చాప పరిపించుకొని, ఆండాళు కలిపిచ్చిన జొన్నగడ్క అందరి ముందల తిన్నడు. వేళ్లు నాక్కుంట తిన్నడు మహానుభావుడు. కులపెద్దలు మారయ్య, దశరథం సూసుకుంట నిలవడ్డరు. ఇగ వాళ్లకు నోరు లేస్తదా? ఆ ఇంట్ల గోడకున్న నర్సింహసామి పటం సూసి దండం పెట్టిండే గాని, మా మతంల కలువున్రి అని ఒక్కనాడు అనలే.

ఆ తర్వాత అయిదారేండ్లు గడిచినయి. రోముల పోపుగారు పెద్దసభ పెట్టిండని పెద్దసామి పోయి వచ్చిండు. వచ్చినంక గుండెజబ్బు పట్టుకుంది. బిషపు పని చిన్నోళ్లకు అప్పజెప్పి ఎర్రగుట్ట కాలనీల ఒక్క అర్ర పెంకుటింట్ల దిగిండు. అరవై అయిదు కార్తీకంల ఎడ్లబండి మీద పడమటిపల్లికి వచ్చిండు. మెల్లగ దిగి, మగ్గం గుంట అంచు మీద కాళ్లు లోపలికి ఏలాడేసుకొని కుసున్నడు.

"నర్సయ్యా, నాకో గుడ్డ నెయ్యి" అన్నడు. "కాలనీల సచ్చిపోయినోళ్లకు సుడుతం సూడు, గసొంటిది. ముతకది, తెల్లది, ఏడు గజాలు."

ఎవలకు సామీ అని అడిగిండు లక్ష్మీనర్సయ్య. నాకే అన్నడు పెద్దసామి, సుట్ట అడిగినంత సులువుగ.

లక్ష్మీనర్సయ్య చేతుల పేకపోగు ఇసిరే నాడె ఆగింది. బతికున్న మనిషికి గసొంటి గుడ్డ నేసుడా? పెద్దసామి నవ్విండు. బిషపులు సచ్చిపోతే సుట్టేటందుకు జరీ పట్టువస్త్రాలు పట్నంల పెట్టెల మడతపెట్టి ఉన్నయని చెప్పిండు. తర్వాత నవ్వు ఆపి, ఆండాళు దిక్కు సూసుకుంట అన్నడు.

"ముందువోయిన మనోళ్లంత ముతకగుడ్డల ఉన్నరు. నేను పట్టుల పోతే ఎవలో దొర వచ్చిండని దూరం జరుగుతరు. వాళ్లు నన్ను గుర్తువట్టాలె నర్సయ్యా."

నేస్త అన్నడు లక్ష్మీనర్సయ్య. మాటయితే ఇచ్చిండు గని ఆ రాత్రి కెల్లి కంటి మీద కునుకు పడలే. చిన్నప్పుడు ఆయన తాత, గుంటల పక్కన కూసోబెట్టుకొని చెప్పేటోడు: మగ్గం మీద ఉన్నన్నాళ్లు గుడ్డ నిద్రల ఉంటదట, కోసినంక లేసి తన పని తను ఎతుక్కుంటదట. ఉయ్యాల గుడ్డ కోస్తే పిల్లను ఎతుక్కుంటది, పెండ్లిచీర కోస్తే పెండ్లిపిల్ల నడుమును ఎతుక్కుంటది. అందుకే సావుగుడ్డ ఎన్నడూ ముందుగాల కోసిపెట్టరు, పానం పోయినంకనే కోస్తరు. తాత చెప్పిన ముచ్చట్లు ఎన్నో మరిసిండు గని, ఇది మాత్రం పోగు లెక్క మెదడుల దిగవడ్డది. నేను కోసిననాడే సామి పోతడు అనుకున్నడు. అనుకున్నడు కాదు, నమ్మిండు.

నాలుగు దినాలల్ల ఏడు గజాలు అయిపోయినయి. కత్తి తీసిండు, మళ్ల చూరుల పెట్టిండు. మగ్గానికి ఎక్కిచ్చిన నిలువుపోగుల పడుగు అయిపోవస్తాంది. ఎవలైనా అప్పుడు గుడ్డ కోసి, మిగిలిన కొసలకు కొత్త పడుగు అతుకుతరు. ఈయన కొయ్యకుంటనే కొత్త పడుగు తెచ్చి పోగు పోగు అతికిండు. ఎనిమిదో గజం మొదలయ్యింది. ఆండాళు నూలు కండెలు సుట్టుకుంటనే ఓరకంట సూసింది.

అప్పటి కెల్లి ఆ ఇంట్ల కాలం ఓ తీరుగ నడిచింది. దినానికి ఓ జానెడే నేసేటోడు, పొద్దటిపూట సగం, మాపటాల సగం. కాళ్ల కింద తొక్కే పావులు ఊగుతుంటే, కండ్ల ముందల తెల్లదనం తప్ప ఏం లేకపోయేది. పూలు లేవు, ఏనుగులు లేవు, అంచు రంగు సుత లేదు. సూసుకుంట సూసుకుంట కండ్లు మూతలు పడేటియి, చేతులు మాత్రం ఆడుతనే ఉండేటియి. ఆ మగతల ఆ గుడ్డ తొవ్వయ్యేది. ఎర్రగుట్ట అవతల కెల్లి, కృష్ణ ఒడ్డు కెల్లి, ఆలంపూరు గోపురాల పక్క కెల్లి సాపినట్టు తెల్లటి తొవ్వ. దాని మీద పెద్దసామి చెప్పులు చేతుల పట్టుకొని నడుస్తుండేటోడు. సైకిలు లేదు, దగ్గు లేదు, వయసుల ఉన్నడు. ఈయన ఓ జానెడు నేస్తే ఆయన ఓ అడుగు ముందుకు ఏస్తడు. నేసినంత కాలం ఆయనకు నడిచే జాగ ఉంటది. ఉలిక్కిపడి కండ్లు తెరిస్తే మళ్ల మగ్గం, మళ్ల గుంట, పక్కన సల్ల చెంబు. ఆ కలలల్ల లక్ష్మీనర్సయ్యకు ఎంత సుకంగ ఉండేదంటే, ఇగ నిజంగనే పెద్దసామి పానం తన చేతుల భద్రంగ ఉన్నదని మురిసేటోడు.

గుడ్డ చుట్టుకునే కర్ర లావై లావై ఆయన తొడలకు ఒత్తుకునేదాక వచ్చింది. ఒడిల పిల్లను కుసోబెట్టుకొని నేసినట్టు నేసేటోడు. ఆ ముతకపని తప్ప ఇంకో పని ముట్టుకోలే. రుమాళ్లు తెమ్మన్న షావుకారు రెండుసార్లు తిరిగిపోయిండు. ఆండాళే నలుగురి ఇండ్లల్ల కండెలు సుట్టి గింజలు తెచ్చింది.

కాలనీల మందులిచ్చే ఏసోబు సైకిలు మీద వచ్చి గుడ్డ అయ్యిందా అని అడిగిపోతుండె. ఒకసారి నూలు రాలేదన్నడు లక్ష్మీనర్సయ్య. ఇంకోసారి మబ్బులకు గంజి ఆరుతలేదన్నడు. అరవై ఆరు శివరాత్రి దాటినంక వచ్చినప్పుడు ఏసోబు సైకిలు దిగంగనే గడప మీద కుసున్నడు. సామి మంచం దిగుతలేడు, పాలు తప్ప ఏం తాగుతలేడు అని చెప్పిండు. తర్వాత మగ్గం దిక్కు, ఆ లావు చుట్ట దిక్కు సూసి, సామి పంపిన మాట చెప్పిండు.

"గుడ్డ కోసినందుకు ఎవలూ సావరని నర్సయ్యకు చెప్పు అన్నడు."

లక్ష్మీనర్సయ్య తలకాయ ఎత్తలే. తన భయం సామికి తెలిసిపోయింది. ఎట్ల తెలిసిందో దేవునికెరుక, మొత్తానికి తెలిసిపోయింది. రేపు కోస్త, రేపే నెత్తిన పెట్టుకొని వస్త అని ఏసోబును పంపిండు. తెల్లారి పసుపు, కుంకుమ, కర్పూరం తెచ్చి మగ్గం పక్కన పెట్టుకున్నడు. ఇంక నాలుగు కండెలున్నయి, గవి అయినంక కోస్త అనుకున్నడు. ఆ నాలుగు కండెలు ఎనిమిది దినాలు అయినయి. భయం ఉన్న మనిషి చెయ్యి అట్లనే ఉంటది, ఏం జేస్తం?

తొమ్మిదోనాడు పొద్దు నెత్తి మీదికి వచ్చినప్పుడు, నాడె చేతుల ఉండంగనే కండ్లు మూతపడ్డయి. మళ్ల తెల్లతొవ్వ కనవడ్డది. పెద్దసామి ఈసారి వయసుల లేడు. వంగిపోయి, గోడ లేని జాగల గోడ పట్టుకున్నట్టు మెల్లగ మెల్లగ వస్తుండు. వచ్చి వచ్చి తొవ్వ చివరికి వచ్చిండు. చివర్ల మగ్గం ఉన్నది, మగ్గం కాడ లక్ష్మీనర్సయ్య కుసోని ఉన్నడు. పెద్దసామి ఆయన మొఖంల మొఖం పెట్టి సూసి, కోపం లేకుంట అన్నడు.

"జర జరుగు నర్సయ్యా. నువ్వు తొవ్వకు అడ్డం కుసున్నవు."

లేసి సూస్తే గడపల ఏసోబు ఉన్నడు. సైకిలు కింద పడ్డది, సక్రం ఇంక తిరుగుతనే ఉన్నది. సామి రాత్రి పోయిండు, ఈ మాపటాల మట్టికిస్తరు, పట్నం కెల్లి ఫాదర్లు వచ్చిన్రు, జరీ వస్త్రాలు తెచ్చిన్రు, అంత ముక్కలు ముక్కలుగ చెప్పిండు.

లక్ష్మీనర్సయ్య పసుపు సుత అద్దలే. చూరుల కెల్లి కత్తి తీసి పరపర కోసిండు. అయిదు నెలల గుడ్డ అర నిమిషంల దిగింది. పక్కింటి మల్లేశం బండి కట్టిండు, ఆండాళు చుట్టను ఒడిల పెట్టుకొని కుసున్నది. పన్నెండు మైళ్ల తొవ్వ. ఎడ్లు ఎంత ఉరికితే మాత్రం ఎంత ఉరుకుతయి? పొద్దు గుట్ట మీదికి వంగినంక కాలనీల దిగిన్రు.

మనుషులు ఇసుకేస్తే రాలనంత ఉన్నరు. పెద్దపెద్దోళ్లంత ముందల కుర్సీలల్ల ఉంటే, కాలనీ రోగులను ఎనుక కంచె అవతల కుసోబెట్టిన్రు. తవ్విన గుంత పక్కన నల్లటి చెక్కపెట్టె. లక్ష్మీనర్సయ్య ఆ మందిని తోసుకుంట పోయి అన్ని సూసుకుంటున్న ఫాదరు కాళ్ల మీద పడ్డడు. కోస్తా దిక్కు నుంచి వచ్చిన వయసు ఫాదరు ఆయన. లేపి నిలబెట్టి అంత విన్నడు. వస్త్రాల పద్ధతి మార్చడం తన చేతుల్లో లేదన్నడు, పైగా గంట కిందటే మూత బిగించేశారన్నడు.

"ఏమీ అనుకోకండి పెద్దాయనా, ఇంక తెరవకూడదు" అన్నడు.

మంచిగనే చెప్పిండు పాపం. లక్ష్మీనర్సయ్య గడ్డ మీద చతికిలబడి, చుట్టను గుండెకు ఒత్తుకున్నడు. ఆ మనిషి పానమంత పెట్టి ఒక్కటే అడిగిండు, గా ఒక్కటే నా చేతులతోని ఆపిన అనుకున్నడు. పట్టుల పోతుండు సామి. అక్కడ ఎవలూ గుర్తువట్టరు. బతికించుకుంటున్న అనుకొని దొంగతనం చేసిన, నాసొంటి పాపిష్టోడు ఉంటడా అని తలకాయ కొట్టుకున్నడు.

నలుగురు వయసు పిలగాండ్లు తాళ్లు పట్టుకొని వచ్చిన్రు. అప్పుడు కంచె ఎనుక కెల్లి భీమయ్య అని ముసలి రోగి లేసిండు, ఎనుకనే ఇంకో ఇరవైమంది లేసిన్రు. మా సామిని మేమే దించుతం అన్నడు భీమయ్య. ఫాదరు వాళ్ల దగ్గరికి పోయి, తాడు ఎలా పట్టుకుంటారు తాతా అని మెల్లగ అడిగిండు. భీమయ్య తన చేతుల దిక్కు సూసుకున్నడు. వేళ్లు లేని చేతులు. అడిగినాయన తప్పు లేదు.

ఆండాళు మొగని పక్కకెల్లి లేసింది. ఆయన ఒడిల చుట్ట కొస పట్టి గుంజింది. గుంజి, తన ఎడమచేతికి మోచెయ్యి కాడికెల్లి మణికట్టు దాక గట్టిగ సుట్టుకొని, ఆ చెయ్యిని ఫాదరు ముందల ఎత్తింది.

"తాడు పట్టాలంటే వేళ్లు గావాలె అయ్యా. గుడ్డకు చెయ్యి ఉంటే సాలు."

ఫాదరు ఆ వంగిన వేళ్లను సూసిండు. కండ్లద్దాలు తీసి తుడుసుకొని, తాళ్లు పక్కకు పెట్టమన్నడు.

ఏడు గజాలే ఉంటే రెండు దిక్కులకు సుత అందకపోయేది. నలభై రెండు గజాలు ఉండె. లక్ష్మీనర్సయ్యే లేసి మూడు తునకలు చేసిండు. చింపుతుంటే పెయ్యి మీద చింపుకున్నట్టయ్యింది, అయినా చింపిండు. మెలివెట్టి పెట్టె కింద కెల్లి తీసి రెండు దిక్కులకు సాపిండు. గంజి పెట్టిన ముతకనూలు, ఎడ్లు గుంజినా తెగదు. రోగులు దిక్కుకు పదిమంది వచ్చి మోచేతులకు సుట్టుకున్నరు. ఓ కొసకు చెయ్యి తక్కువ పడితే భీమయ్య లక్ష్మీనర్సయ్యను పిలిచిండు. పెట్టె లేసింది. మెల్లగ, అలుగు మీద నీళ్లు జారినట్టు, అటూ ఇటూ ఒరగకుంట దిగింది. పాట పాడేటోళ్లు పాట మరిసి సూసిన్రు. ఒక్కలకు సుత చెయ్యి జారలే.

ఆనాటి కెల్లి ఎర్రగుట్టల ఎవలు పోయినా తాళ్లు తియ్యరు, గుడ్డతోనే దించుతరు. ఆ గుడ్డ పడమటిపల్లి కెల్లే పోతది. కాలనీల గుడ్డ ఒడిసిందని కబురు రాంగనే నేసి, నాలుగోనాటికి కోసి ముందుగాలనే పంపేటోడు లక్ష్మీనర్సయ్య, బతికున్నన్నాళ్లు.

ఆనాడు పెట్టె అడుగు తాకినంక ఒక్కొక్కలే చేతుల కెల్లి ఇప్పి కొసలు గుంతలకు ఇడిచిన్రు. తెల్లగుడ్డ మీద తెల్లగుడ్డ పడి చెక్కపెట్టె కనవడకుంట కమ్ముకున్నది. లోపల పట్టు ఉన్నదో జరీ ఉన్నదో ముందువోయినోళ్లకేం ఎరుక, ఫస్టు కండ్లవడేది మీది గుడ్డే గద అనుకున్నడు లక్ష్మీనర్సయ్య. అనుకుంటే ఏడ్పు ఆగలే. అందరు ఇడిచిన్రు, ఆయన చేతికి మాత్రం కొస అట్లనే సుట్టుకొని ఉన్నది. అందరు ఆయన దిక్కే సూస్తున్నరు. మన్ను పోసేటోళ్లు తట్టలు పట్టుకొని ఆగిన్రు.

ఆండాళు దగ్గరికి వచ్చింది. "ఇడువయ్యా. పోనియ్యి" అన్నది.

మోచేతికి నాలుగు సుట్లున్నయి. ఒక్కొక్కటే ఇప్పిండు. ఆఖరు సుట్టు కాడ జర ఆగిండు, తర్వాత అదీ ఇడిచిండు.